రెండేళ్ళ మరపు – ఒక విశాఖ ప్రయాణము



విశాఖపట్నము ఒకసారి చూసి రావాలని మన పల్లెల్లో చాలామందికి ఆశ. సముద్రము, ఓడలు, కొండమీది దీపస్తంభము, ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు చూసి వచ్చి ఆ సంగతులు సంవత్సరమంతా చెప్పుకుంటాము. మేమూ అవన్నీ చూశాము. కాని 2021 ఫిబ్రవరిలో మేము చేసిన ప్రయాణము వాటికోసము కాదు. ఒక సహోదరుని ఎదుట నిలబడి, మేము చేసిన తప్పు మా నోటితో చెప్పవలసి ఉండి వెళ్ళాము. ఇన్నాళ్ళు ఆ సంగతి రాయటానికి సిగ్గు అడ్డు వచ్చింది. ఇప్పుడు ఆ సహోదరుని అడిగి, ఆయన సరేనన్న తరువాతే రాస్తున్నాము. తన పేరు మాత్రము వద్దన్నాడు.

చెరసాలలో ఒక చిన్న మనవి

ఆదికాండము 40, 41 అధ్యాయములు మీకు తెలిసినవే. ఐగుప్తు రాజుకు కోపము వచ్చి పానదాయకుల అధిపతిని, భక్ష్యకారుల అధిపతిని చెరసాలలో వేయించాడు. అక్కడ యోసేపు వారికి పరిచారము చేశాడు. ఒక ఉదయము వారి ముఖాలు చిన్నబోయి ఉంటే ఎందుకని అడిగాడు. ఏ నేరమూ చేయకుండా తానే చెరలో ఉన్నవాడు ఇతరుల ముఖము చూసి పలకరించటము సామాన్యమైన సంగతి కాదు. పానదాయకుని కలకు భావము చెప్పి, మూడు దినాలలో నీ ఉద్యోగము నీకు తిరిగి వస్తుందన్నాడు. అందుకు బదులుగా ఆయన కోరినది ఒక్కటే. నీకు మంచి రోజు వచ్చినప్పుడు నా సంగతి రాజు చెవిని వేయమన్నాడు.

మూడవ దినము అలాగే జరిగింది. ఆ అధిపతి మళ్ళీ ఫరో చేతికి గిన్నె అందించాడు. యోసేపును మాత్రము మరచిపోయాడు. తరువాతి అధ్యాయము రెండేళ్ళు గడిచిన తరువాత మొదలవుతుంది. చదివేవారికి అది ఒక్క మాట. చెరలో ఉన్నవానికి ఏడు వందలకు పైగా పగళ్ళు, అన్ని రాత్రులు.

ఈ భాగము మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. ఆ పానదాయకుణ్ణి ప్రతిసారీ కృతఘ్నుడన్నాము. ఆ మాట ఒకనాడు మా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు.

ఆసుపత్రి వరండాలో

2018 నవంబరులో అమ్మగారికి కడుపులో గడ్డ ఉంది, ఆపరేషను చేయాలన్నారు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. 1923లో మొదలైన ఆ పెద్దాసుపత్రి మన ఉత్తరాంధ్ర పేదలకు మొదటి దిక్కు. రోగులు లోపల, తోడు వచ్చినవారు బయట వరండాలో. ఆ వరండాలో మా పక్కన చాప వేసుకున్న మనిషి గాజువాక నుంచి వచ్చాడు. ఓడరేవులో కాంట్రాక్టు కూలీ. కాలు విరిగిన తోటి కూలీకి తోడుగా ఉన్నాడు. మా మాట తీరు విని, “అయ్యగారూ, మీది బొబ్బిలి కాడా?” అన్నాడు. ఆయన సొంత ఊరు వేగావతి ఏటికి అవతల, మా సంఘానికి ఆరు కిలోమీటర్లు.

ఆనాటి నుంచి ఆయన మాకు సొంత తమ్ముడయ్యాడు. రక్తము కావాలంటే తానే ఇచ్చాడు. ఏ చీటీ ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో చూపించాడు. తన మనిషికి గంజి తెచ్చినప్పుడల్లా మాకూ ఒక గిన్నె తెచ్చాడు. పదకొండు రోజులు అలా గడిచాయి. మేము ఇంటికి వచ్చే రోజున ఒక కొత్త ఊలు రగ్గు, మడత పెట్టిన రెండు ఐదు వందల నోట్లు తెచ్చి మా చేతిలో పెట్టాడు.

“మాయమ్మ ఒక్కతే ఉంటాదండి. సెవులు ఇనపడవు. సలికాలం వచ్చీసింది. ఓపాలి ఎల్లి ఇవి ఇచ్చీసి, ఓ పార్దన సేసి రండి అయ్యగారూ. నాకు సెలవు దొరకదు.”

“వెళ్ళిన వారములోనే వెళతాము బాబూ” అన్నాము.

వెళ్ళలేదు. ఆటోకు, మందులకు, బస్సుకు చేతిలో డబ్బు చాలలేదు. ఆ వెయ్యి రూపాయలు వాడుకొని, జీతము రాగానే కలిపి ఇద్దామనుకున్నాము. రగ్గు ఉన్న గోనెసంచి అటక ఎక్కింది. సెమీ క్రిస్మసు కూడికలు వచ్చాయి, క్రిస్మసు వచ్చింది, తరువాత కోత పండుగ వచ్చింది. మొదట గుర్తు ఉండి వాయిదా వేశాము. తరువాత గుర్తు వచ్చినప్పుడల్లా ముఖము చెల్లక పక్కకు నెట్టాము. ఆ తరువాత గుర్తు రావటము మానివేసింది. కాబట్టి “మరచిపోయాము” అని మేము చెబితే అందులో సగమే నిజము. ఆయన ఒకసారి ఫోను చేశాడు. కూడికలో ఉన్నాము, మళ్ళీ మాట్లాడతామని పెట్టేశాము. మళ్ళీ మేము చేయలేదు, ఆయనా చేయలేదు.

2020 డిసెంబరులో ఇంటికి సున్నము వేయటానికి అటక ఖాళీ చేస్తుంటే రగ్గు బయట పడింది. మడత కూడా విప్పలేదు. లెక్క చూసుకుంటే రెండేళ్ళు నిండి ఒక నెల. మరునాడే ఏరు దాటి వెళ్ళాము. ఇంటికి తాళము ఉంది. పక్కింటి ఆమె చెప్పింది, ఆ ముసలమ్మ మే నెలలో పోయిందని. లాక్‌డౌన్‌లో బస్సులు లేక కొడుకు రాలేకపోయాడు. ఊరివారే మట్టి చేశారు. “రెండు సలికాలాలు నా పాత దుప్పటే కప్పుకుంది” అన్నది ఆమె. మా చంకలో ఉన్న సంచిలో ఏముందో మేము ఆమెకు చెప్పలేదు.

ఆ ఆదివారము బలిపీఠము దగ్గర నిలబడి, మేము కూడా తప్పులు చేసేవారమే, మా కొరకు ప్రార్థించండి అన్నాము. గొంతు వణికింది. ఆరాధన అయ్యాక పెద్దలు వచ్చి, అయ్యగారికి ఎంత తగ్గింపు అని మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చాక అమ్మగారు అన్నము వడ్డిస్తూ ఒక్క మాట అన్నారు. “అందరికీ చెప్పారు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు కదండీ.”

అప్పుడు ఫోను చేశాము. విశాఖ వస్తున్నాము, నిన్ను చూడాలి అన్నాము. కారణము ఫోనులో చెప్పలేకపోయాము.

కొండమీద నుంచి చూసిన రేవు

ఫిబ్రవరిలో తెల్లవారుజామున బొబ్బిలిలో బస్సెక్కి, విజయనగరము మీదుగా తొమ్మిది గంటలకు విశాఖ కాంప్లెక్సులో దిగాము. ఆయనకు ఉదయము షిఫ్టు, సాయంత్రము ఐదుకు ఇంటికి రమ్మన్నాడు. మధ్యలో ఉన్న సమయములో ఊరు చూద్దామని అమ్మగారితో అన్నాము. నిజము చెప్పాలంటే గాజువాక వైపు వెళ్ళటానికి కాళ్ళు రాలేదు.

వన్‌టౌన్‌లో రేవు పక్కనే మూడు కొండలు వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద మరియమాత దేవాలయము, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుని గుడి. దేవాలయము ఉన్న రాస్ కొండ ఎక్కాము. ఎదురుగా యారాడ కొండ సముద్రములోకి ముక్కు చాచినట్టు ఉంది. అందుకే దానిని డాల్ఫిన్ నోస్ అన్నారు. ఆ కొండకు, ఊరికి మధ్య సన్నని నీటి దారి. ఆ దారినే ఓడలు లోపలికి వస్తాయి. మేము చూస్తుండగా ఒక పెద్ద ఓడ చిన్న టగ్గు పడవల వెంట మెల్లగా లోపలికి వచ్చింది. కొండమీద ఉన్నవారందరూ మాటలు ఆపి చూశారు.

ఈ రేవు తనంతట తాను ఏర్పడినది కాదు. ఒకప్పుడు ఇక్కడ బురద కయ్య ఉండేది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజము సముద్రానికి చేరాలంటే దగ్గరలో రేవు కావాలి. రాయపూరు నుంచి పార్వతీపురము, బొబ్బిలి మీదుగా విజయనగరము వచ్చే మన రైలు మార్గము 1931లో పూర్తి అయ్యింది. రేవును తవ్వి సిద్ధము చేశాక 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదట లోపలికి వచ్చింది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించాడు.

దీనిని కట్టినవారికి పెద్ద చిక్కు ఇసుకతో వచ్చింది. మన తూర్పు తీరము పొడవునా అలలు ఇసుకను దక్షిణము నుంచి ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. తవ్విన దారి ఊరుకుంటే పూడిపోతుంది. అందుకని పాత ఓడలు రెండింటిని రేవు ముఖద్వారము దగ్గర సముద్రములో ముంచి, వాటిని ఆధారము చేసుకొని అడ్డుకట్ట కట్టారు. అయినా సరిపోదు. ఈనాటికీ డ్రెడ్జరు ఓడలు ఇసుకను తోడుతూనే ఉంటాయి. తోడిన ఇసుకను ఉత్తరపు వైపు బీచికి చేరుస్తారు.

ఆ సంగతి తలచుకొని కొండమీద చాలాసేపు కూర్చున్నాము. మరపు కూడా ఇసుక వంటిదే. ఎవరూ తెచ్చి పోయరు. రోజుకు కొంచెము కొంచెము దానంతట అదే వచ్చి చేరుతుంది. ఒకనాడు చూసుకుంటే మనకూ సహోదరునికీ మధ్య ఉన్న దారి పూడిపోయి ఉంటుంది. తోడుతూ ఉంటేనే అది దారి.

కొండ దిగి వన్‌టౌన్ సందుల్లో నడిచాము. ఈ ఊరికి మనము ఇంకొక విధముగా కూడా ఋణపడి ఉన్నాము. 1805లో లండన్ మిషనరీ సంఘము పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు యౌవనులు ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి తోడుతో సువార్తలను తెలుగు చేయటము మొదలు పెట్టారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారు మొదలు పెట్టిన పని ఆగలేదు. ప్రిచెట్ తెలుగు చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయ్యింది. తరువాతి కాలములో జాన్ హే కూడా ఇక్కడే ఉండి తెలుగు బైబిలు పని మీద ఎన్నో ఏళ్ళు గడిపాడు. యోసేపు చరిత్రను మనము మన భాషలో చదువుకుంటున్నామంటే ఇటువంటివారి ప్రయాస ఉంది. క్రాన్ పేరు, డెస్‌గ్రాంజెస్ పేరు అప్పుడప్పుడైనా వింటాము. ఆనందరాయరు పేరు మన సంఘాల్లో ఎందరికి తెలుసు? తెలిసి ఉండి మేము ఎన్నిసార్లు చెప్పాము? మరచిపోవటములో మనకు మంచి అలవాటే ఉంది.

ఉక్కునగరము దారిలో

మధ్యాహ్నము సిటీ బస్సెక్కి రేవు గోడ పక్కగా, సింధియా మీదుగా గాజువాక బయలుదేరాము. సింధియా అన్న పేరు ఓడల కంపెనీది. ఆ కంపెనీ ఓడల కర్మాగారానికి 1941 జూన్ 21న డాక్టరు రాజేంద్రప్రసాద్ పునాది రాయి వేశారు. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధము ముగిసి, స్వాతంత్ర్యము వచ్చాక 1948 మార్చి 14న ‘జలఉష’ ఓడను నెహ్రూగారు నీటిలోకి వదిలారు. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డు.

గాజువాక దాటి కూర్మన్నపాలెము కూడలి వచ్చేసరికి బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్కన దీక్షా శిబిరము, ఎర్ర జెండాలు, మైకులు. ఉక్కు కర్మాగారములో ప్రభుత్వ వాటాలు అమ్మటానికి జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘము ఆమోదము తెలిపింది. దానిమీద కార్మికులు కూర్చున్నారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న పాత నినాదము మళ్ళీ వినబడింది. ఆ నినాదము 1966 నాటిది. ఆ సంవత్సరము అమృతరావుగారు నిరాహారదీక్ష చేశారు, నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమములో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని లెక్క చెబుతారు. 1970 ఏప్రిల్‌లో కర్మాగారము ఇస్తామని ఇందిరాగాంధీ ప్రకటించారు. 1971 జనవరి 20న పునాది రాయి వేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేశారు. దీక్షలు మొదలైన నాలుగేళ్ళకు, 2025 జనవరిలో, కేంద్రము దానికి 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించింది. రాజకీయము మాట్లాడటము మా పని కాదు. కాని ఒకటి గమనించాము. ఇక్కడివారు 1966ను మరచిపోలేదు. చనిపోయినవారి సంఖ్య కుర్రవాళ్ళు కూడా చెబుతున్నారు.

మా సహోదరుడు అద్దెకున్న ఇల్లు ఆ దగ్గరలోనే. ఆ ఇంటి యజమాని పెద్దాయన వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. కర్మాగారానికి ఊరు ఇచ్చిన కుటుంబము ఆయనది. సుమారు 22 వేల ఎకరాలు, 60కి పైగా గ్రామాలు దాని కిందికి పోయాయి. “మా ఊరుండే చోట ఇప్పుడు రైలు పట్టాలున్నాయండి. మా ఇంటి ముందు తాటిచెట్లు ఎక్కడుండేవో మాత్రం ఇప్పటికీ చూపించగలను” అన్నాడు. పరిహారము సంగతి, పునరావాస కార్డు సంగతి, పెద్ద కొడుక్కి ఉద్యోగము దొరికిన సంగతి, చిన్న కొడుక్కి దొరకని సంగతి చెప్పాడు. కోపము లేదు. తన సంగతి అడిగినందుకు సంతోషించినట్టున్నాడు. చెరసాలలో యోసేపు ఆ ఇద్దరి ముఖాలు చూసి అడిగాడే, ఆ పని ఎంత చిన్నదో, ఎంత అరుదో అప్పుడు తెలిసింది.

ఉక్కు ఎలా తయారవుతుందో కూడా ఆయనే చెప్పాడు. ముప్పై ఏళ్ళు కొలిమి దగ్గర పని చేశాడట. ఆ పెద్ద కొలుముల్లో మొదటి రెండింటికి నదుల పేర్లు పెట్టారు. మొదటిది గోదావరి, రెండవది కృష్ణ. ఖనిజము, కోకు బొగ్గు, సున్నపురాయి కలిపి వేస్తారు. ఆ వేడికి ఇనుము కరిగి అడుగుకు దిగుతుంది. సున్నపురాయి మలినాలను పట్టుకొని పైకి తేలుస్తుంది. మన బైబిలులో మష్టు అన్నది అటువంటిదే. “చల్లగా ఉన్నంతసేపూ రాయేదో, ఇనుమేదో విడదీయలేమండి” అన్నాడు ఆయన. మేము తల వంచుకొని విన్నాము.

పానదాయకుడు ఎవరికి చెప్పాడు?

ఐదు అవటానికి ఇంకా అరగంట ఉంది. సంచిలోని బైబిలు తీసి 41వ అధ్యాయము మళ్ళీ చదివాము. ఫరోకు కలలు వచ్చాయి. శకునగాండ్రు, విద్వాంసులు భావము చెప్పలేకపోయారు. అప్పుడు పానదాయకుడు ముందుకు వచ్చి, తన తప్పిదములు ఆనాడు జ్ఞాపకానికి వస్తున్నాయని రాజుతో అన్నాడు. మేము డిప్లొమా చదివిన రోజుల్లో మా హెబ్రీ ఉపాధ్యాయుడు ఆ మాట దగ్గర ఆపి వివరించారు. అక్కడున్న హెబ్రీ మాట ‘మజ్కీర్’. మనసులో తలచుకొని ఊరుకోవటము కాదు, బయటకు తెచ్చి ఎదుట పెట్టటము దాని అర్థము. దావీదు కొలువులో రాజ్యపు సంగతులు రాసి ఉంచే అధికారికి కూడా అదే పేరు. జెకర్యా అన్న పేరులో ఉన్నది కూడా ఆ ధాతువే. యెహోవా జ్ఞాపకము చేసికొనునని ఆ పేరుకు అర్థము.

కాబట్టి పానదాయకుడు మంచి పనే చేశాడు. తప్పిదములు అని బహువచనములో అన్నాడు. తనను చెరకు పంపిన పాత తప్పు చెప్పాడని కొందరు, యోసేపును మరచిన తప్పు కూడా అందులో ఉందని కొందరు అంటారు. రాజు ఎదుట తన పాత నేరము తానే ఎత్తటానికి ధైర్యము కావాలి. అంతమాత్రము ఆయనకు దక్కవలసిందే. అయితే ఒకటి చూడండి. ఆయనకు జ్ఞాపకము వచ్చింది యోసేపు బాధ వల్ల కాదు, రాజుకు అవసరము పడినందువల్ల. ఆయన తప్పు చెప్పింది ఫరోతో. యోసేపు దగ్గరకు వెళ్ళి, నీకు మాట ఇచ్చి తప్పాను అని అన్నట్టు లేఖనములో ఎక్కడా లేదు.

యోసేపు అన్నల కథ కూడా ఇటువంటిదే. 42వ అధ్యాయములో, తమ్ముడు బ్రతిమాలుకున్నా మనము వినలేదు, మనమే అపరాధులము అని తమలో తాము చెప్పుకున్నారు. 44వ అధ్యాయములో యూదా, దేవుడే మా నేరము బయట పెట్టాడని, ఎదుట ఉన్నవాడు యోసేపని తెలియకుండానే ఒప్పుకున్నాడు. యోసేపునే తిన్నగా క్షమాపణ అడిగినది మాత్రము 50వ అధ్యాయములో, తండ్రి చనిపోయాక. అదీ మొదట కబురు పంపించి. గుంటలో పడవేసిన చోటు నుంచి ఆ మాట అడిగిన చోటికి ఎంత దూరము!

మా సంగతి కూడా అంతే. దేవునితో చెప్పాము, ప్రార్థనలో. సంఘముతో చెప్పాము, పేరు లేకుండా. ఆ రెండూ సులువు. ఇంకొక సాకు కూడా మా మనసులో మెదిలింది. పానదాయకుడు మరచిపోబట్టే కదా యోసేపు సరైన సమయానికి ఫరో ఎదుటికి వచ్చాడు, అంతా దేవుని సంకల్పమే అని. దేవుడు మన తప్పుల్లోనుంచి కూడా మేలు తీయగలడు. అది ఆయన మంచితనము. దానిని మన తప్పుకు గొడుగుగా పట్టుకోకూడదు. మా తప్పులోనుంచి ఆ తల్లికి ఏ మేలూ రాలేదు. చలి వచ్చింది, అంతే.

రగ్గు, వెయ్యి రూపాయలు, ఐదవ వంతు

ఐదు దాటాక ఆయన వచ్చాడు. బట్టల నిండా బొగ్గు పొడి. “అయ్యగారూ, అమ్మగారూ, ఎంతసేపయింది వచ్చి!” అని కంగారు పడి, స్నానము చేసి వచ్చి కూర్చున్నాడు. ఆయన భార్య టీ పెట్టింది. టీ తాగకముందే చెప్పాలని మేము సంచి విప్పి రగ్గు తీసి ముందు పెట్టాము. ఆయన గుర్తుపట్టాడు.

జరిగినది వరుసగా చెప్పాము. డబ్బు వాడుకున్న సంగతి, ఫోను పెట్టేసిన సంగతి, అన్నీ. పని ఒత్తిడి అని గాని, అనారోగ్యము అని గాని అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చేత్తో రగ్గు అంచు సవరిస్తూ ఉన్నాడు. చివరకు, “పక్కింటామె పోను సేసినప్పుడల్లా మాయమ్మ అడిగీదట అయ్యగారూ. ‘అయ్యగారొత్తారన్నావు, ఎప్పుడొత్తారు’ అని. నాను ఒత్తారమ్మా, పెద్దోలు, పనులుంటాయి అని సెప్పమనీవోడిని” అన్నాడు.

ఇంతకంటె ఆయన మమ్మును తిట్టి ఉంటే బాగుండునని ఆ క్షణాన అనిపించింది. అమ్మగారు ఏడ్చారు. మేము ఆయన చేతులు పట్టుకొని, “మమ్మును క్షమించు బాబూ” అన్నాము. ఆయన క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు.

తరువాత డబ్బు ఇచ్చాము. సంఖ్యాకాండము 5వ అధ్యాయములో ఉన్న కట్టడ మన సంఘాల్లో ఎక్కువ వినబడదు. ఒకరికి నష్టము చేసినవాడు తాను చేసినది ఒప్పుకోవాలి, సొమ్ము తిరిగి ఇవ్వాలి, దానిమీద ఐదవ వంతు కలపాలి. నష్టపోయినవాడు లేకపోతే దగ్గరి బంధువుకు ఇవ్వాలి. బంధువూ లేకపోతేనే అది యాజకుని వరకు వస్తుంది. మొదట మనిషి, తరువాతనే యాజకుడు. అందుకని పన్నెండు వందలు లెక్కపెట్టి ఇచ్చాము. ఆయన వెయ్యి తీసుకొని, రెండు వందలు తిరిగి చేతిలో పెట్టాడు.

“ఇది నాది కాదండి.”

కట్టడ సంగతి చెప్పాము. విన్నాడు. ఆలోచించి, “అయితే మా పక్కింటామెకి ఇచ్చీండి. ఆకరి రోజుల్లో గంజి పోసింది ఆవిడే. ఈ రగ్గు కూడా ఆవిడికే” అన్నాడు. ఆ పైన భార్య వైపు తిరిగి, “అన్నం పెట్టు, అయ్యగారు తిని ఎల్తారు” అన్నాడు.

తిన్నాము. ఎండుచేపల పులుసు, వేడి అన్నము. గొంతు దిగటము కష్టమైనా ఒక్క మెతుకు వదలలేదు. వెళ్ళేముందు, “మాయమ్మకి సెయ్యాల్సిన పార్దన ఇప్పుడు ఇక్కడ సేసీండి” అన్నాడు. చేశాము. మా ఇన్నేళ్ళ పరిచర్యలో అంత కష్టపడి చేసిన ప్రార్థన మరొకటి లేదు.

రాత్రి కాంప్లెక్సుకు తిరిగి వచ్చి, తెల్లవారుజామున బొబ్బిలిలో దిగాము. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుందాము, కాస్త పడుకొని వెళదాము అని మనసు అన్నది. ఆ మనసు సంగతి మాకు బాగా తెలుసు. తిన్నగా ఏరు దాటి వెళ్ళాము. నీళ్ళు మోకాళ్ళ కిందే ఉన్నాయి. పక్కింటి ఆమె వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నది. రగ్గు, రెండు వందలు ఆమె చేతికిచ్చి, ఎవరు ఇమ్మన్నారో, అవి ఎందుకు ఆలస్యమయ్యాయో చెప్పాము. ఆమె చీపురు పక్కన పెట్టి రగ్గు విప్పి చూసింది. “మంచిదేనండి. అది ఉండగా వచ్చి ఉంటే బాగుండును” అన్నది. అవును, వచ్చి ఉంటే బాగుండును.

ప్రియ పాఠకులారా, ఈ సంగతి మా తగ్గింపు చూపించుకోవటానికి రాయలేదు. మీ ఇంటి అటకమీద కూడా ఏదైనా ఉందేమో చూసుకోమని రాస్తున్నాము. ఎవరికో ఇస్తామన్న మాట, ఎవరో చేసిన మేలు, ఎవరి దగ్గరో తెచ్చుకొని తిరిగి ఇవ్వని సొమ్ము ఉండవచ్చు. బల్లకు వచ్చే ముందు దేవునితో చెప్పండి, మంచిదే. అక్కడ ఆగవద్దు. ఆ మనిషి ఇంకా బ్రతికి ఉండగా, బస్సు దొరుకుతుండగా, ఏటిలో నీళ్ళు తక్కువగా ఉండగా బయలుదేరండి.

ప్రార్థన: మమ్మును ఎన్నడును మరువని తండ్రీ, మేము మరచినవారిని మాకు జ్ఞాపకము చేయుము. జ్ఞాపకము వచ్చిన దినముననే లేచి వెళ్ళు మనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.